ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్: అసలును నకిలీని వేరుపరచిన శాస్త్రజ్ఞుడు

నెయ్యి, నూనె, వాము నీరు, ఫినాయిలు, కలరా ఉండలు మొదలగునవి చరిత్ర గ్రంథములలో చోటు దొరకని వస్తువులు. అయినను గృహస్థుని నెలజీతములో గణనీయమైన భాగము ఇట్టి వానికే వ్యయమగుచున్నది. ఇంటిల్లిపాది ఆరోగ్యమును కొంతవరకు వీనిపైననే ఆధారపడియున్నది. ఇట్టి ప్రతి వస్తువు యొక్క డబ్బా పైనను స్వచ్ఛమనియో, సహజమనియో, అసలైనదనియో ఒక మాట అచ్చువేయబడి యుండును. ఆ మాటను నమ్మవలెనా, మానవలెనా? నమ్మినచో దేనిని చూచి నమ్మవలెను? ఈ ప్రశ్న మన యిండ్లలో ప్రతి నెల మొదటి వారమున పుట్టి, సరుకుల సంచితోపాటు వంటయింటిలోనికి పోయి, అచ్చటనే మరుగుపడిపోవుచున్నది. దీనిని వంటయింటి నుండి ప్రయోగశాలకు తీసికొనిపోయి, సంవత్సరముల తరబడి శ్రమించి, సమాధానము వెదకిన మహాశయుడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్. పాదరసముపై వారు చేసిన పరిశోధనలు పండితులకు తెలియును. వారు స్థాపించిన కర్మాగారము దేశమంతకును తెలియును. నేతి కుండను, నూనె గానుగను వారు పరీక్షించిన కథ మాత్రము మనలో పెక్కుమందికి తెలియదు. వారి జీవితమును ఆ కోణమున చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్రఫుల్లచంద్రులు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన రారూలి గ్రామమున జన్మించిరి. నాడు జెస్సోరు జిల్లాలో చేరియుండిన ఆ గ్రామము తరువాత ఖుల్నా జిల్లాలో చేరినది. నేడది బంగ్లాదేశములో నున్నది. తండ్రి హరిశ్చంద్ర రాయ్ చౌధురి జమీందారు, విద్యాప్రియుడు. ఆయన యింట మంచి గ్రంథాలయ ముండెను. తల్లి భువనమోహినీ దేవి. బిడ్డల చదువు నిమిత్తము 1870లో ఆ కుటుంబము కలకత్తాకు తరలివచ్చినది. ప్రఫుల్లచంద్రులను హేర్ పాఠశాలలో చేర్చిరి.

1874లో ఆ బాలునికి తీవ్రమైన రక్తవిరేచనములు పట్టుకొనెను. చదువు మధ్యలో ఆగిపోయెను. స్వగ్రామమునకు తిరిగిపోయి, దాదాపు రెండేండ్లపాటు ఇంటిపట్టుననే యుండవలసి వచ్చెను. ఆ కాలమును ఆయన తండ్రిగారి గ్రంథాలయములో గడపిరి. చరిత్రలు, జీవితచరిత్రలు, ఆంగ్ల సాహిత్యము విరివిగా చదివిరి. వ్యాధి తగ్గినను జీర్ణశక్తి మాత్రము పూర్వస్థితికి రాలేదు. జీవితాంతము మితాహారము, నియమబద్ధమైన నిద్ర, సాయంకాలపు వాహ్యాళి ఆయనకు తప్పనిసరి యయ్యెను. తినునది ఏమి, అది ఎట్టిది, శరీరమున కది పడునా అని నిత్యము విచారించుకొనవలసిన అవస్థ ఆ విధముగా బాల్యమునందే ఆయనకు ప్రాప్తించినది. తరువాతి కాలమున ఆహార పదార్థముల స్వచ్ఛతపై దృష్టి నిలిపిన శాస్త్రజ్ఞుడు, ఒకనాడు తిన్నది అరగక మంచము పట్టిన బాలుడే యని మనము గుర్తుంచుకొనదగును.

ఆరోగ్యము కుదుటబడిన తరువాత కేశవచంద్ర సేనుని ఆల్బర్ట్ పాఠశాలలోను, పిదప ఈశ్వరచంద్ర విద్యాసాగరుని మెట్రోపాలిటన్ విద్యాలయములోను వారు చదివిరి. అచ్చట రసాయన శాస్త్ర బోధనకు వసతి లేకుండుటచే, ప్రెసిడెన్సీ కళాశాలకు బయటి విద్యార్థిగా పోయి, అలెగ్జాండర్ పెడ్లర్ అను ఆచార్యుని ఉపన్యాసములు వినిరి. సాహిత్యమున ఆసక్తి గల యువకుడు రసాయన శాస్త్రమునకు వశుడైనది ఆ తరగతి గదిలోనే. 1882లో గిల్‌క్రిస్ట్ విద్యార్థి వేతనమును సంపాదించి ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరిరి. ఆచార్య క్రం బ్రౌన్ వారి గురువు. 1885లో బి.ఎస్‌సి., 1887లో డి.ఎస్‌సి. పట్టములను పొందిరి. ఆ నడుమ భారతదేశములోని ఆంగ్ల పరిపాలనను విమర్శించుచు ఒక వ్యాసమును వ్రాసి ప్రకటించుటకును వెనుదీయలేదు.

1888లో స్వదేశమునకు తిరిగి వచ్చిన ఈ డాక్టరుకు దాదాపు ఒక సంవత్సరము పాటు ఉద్యోగము దొరకలేదు. ఆ కాలములో మిత్రుడు జగదీశచంద్ర బోసు ఇంటనే వారు ఎక్కువగా గడపిరి. 1889 జూలైలో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతముపై తాత్కాలిక సహాయాచార్య పదవి లభించెను. ఉన్నత విద్యాశాఖ శ్రేణులు ఆంగ్లేయులకు ప్రత్యేకింపబడినవి. ఎంతటి విద్యావంతుడైనను భారతీయునకు క్రింది శ్రేణియే గతి. మన వంటి సచివాలయోద్యోగులకు శ్రేణి, జీతము, జ్యేష్ఠత అనునవి యెంత మనస్తాపమును కలిగింపగలవో వేరుగ చెప్పనక్కరలేదు. రాయ్‌గారు ఆ అన్యాయమును మరువలేదు. కాని దానినే తలచుకొనుచు కూర్చుండలేదు. పాఠములు ముగిసిన పిదప ప్రయోగశాలలో తమ సొంత పరిశోధన నారంభించిరి.

ఆ పరిశోధన దేనిపైననుకొన్నారు? కలకత్తా బజారులో అమ్మబడుచుండిన నేతి మీదను, ఆవనూనె మీదను. వంగదేశీయునకు ఆవనూనె యనగా మనకు నువ్వులనూనె వంటిది. అది లేక వంట సాగదు. నెయ్యి సంగతి సరేసరి. ఈ రెండింటిలోను కల్తీ విపరీతముగా జరుగుచున్నదని అందరును అనుకొనుచుండిరి. కాని ఎంత కల్తీ? దేనితో కల్తీ? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు లేరు. ఎడింబరో పట్టభద్రుడైన రసాయన శాస్త్రవేత్త ఇట్టి వంటింటి వస్తువులను పట్టుకొని కూర్చుండుట కొందరికి వింతగా తోచి యుండవచ్చును. ఆయనకు మాత్రము అది వింత కాలేదు.

పని మొదలుపెట్టగనే ఒక పెద్ద చిక్కు ఎదురయ్యెను. నకిలీని పట్టుకొనవలెనన్నచో అసలు ఎట్లుండునో ముందు తెలియవలెను. బజారులో అసలైనదని చెప్పి అమ్మునది నిజముగా అసలైనదే యని నమ్మకమేమి? అంగడివాని మాటను ఆధారముగా గొని అంగడివాని సరుకును పరీక్షించుట, దొంగనే సాక్షిగా నిలిపి న్యాయవిచారణ చేయుట వంటిది. కావున రాయ్‌గారు తమ కన్నుల యెదుట ఆవులను గేదెలను పిదికించి, ఆ పాలనుండి వెన్న తీయించి, నెయ్యి కాయించిరి. ఆవాలు తెప్పించి, తమ పర్యవేక్షణలో గానుగ ఆడించిరి. ఈ విధముగా చేతికి వచ్చిన శుద్ధమైన నేతిని, శుద్ధమైన నూనెను పరీక్షించి, వాని లక్షణములను కొలిచి వ్రాసికొనిరి. ఆ తరువాతనే బజారు సరుకును వానితో పోల్చిచూచిరి. దాదాపు మూడేండ్ల ఈ శ్రమ ఫలితము 1894లో వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడినది.

ఈ పద్ధతిలోని విశేషమును కొంత వివరించుట అవసరము. మన గృహిణులు నేతిని పరీక్షించు విధము మనకు తెలిసినదే. వాసన చూతురు. అరచేతిపై రాచి చూతురు. పేరినపుడు పూస కట్టినదా లేదా యని చూతురు. రంగు చూతురు. ఈ పరీక్షలు వ్యర్థములు కావు. తరతరముల అనుభవము వానిలో నున్నది. అయినను ప్రతి దానికిని ఒక హద్దు గలదు. ఆవునేతికి పసుపు వన్నె సహజము. గేదె నేయి తెల్లగా నుండును. రంగు కలిపినచో తెల్లనిది పచ్చనగును. పూస అనునది నేతిని ఎంత నెమ్మదిగా చల్లార్చితిమను దానిపై గూడ ఆధారపడును. వాసన సంగతి చెప్పనక్కరలేదు. కొంచెము మంచి నేతిని చాలినంత చౌక క్రొవ్వులో కలిపినను ముక్కు మోసపోవును. ఆవనూనెను దాని ఘాటుతో గుర్తింతురు. ఆ ఘాటును గూడ వేరుగా సంపాదించి చౌక నూనెలో కలుపవచ్చును. అనగా మన యింద్రియములు దేనిని ఆధారముగా గొని తీర్పు చెప్పునో, కల్తీ చేయువాడు దానినే అనుకరించును.

రసాయన శాస్త్రజ్ఞుడు అనుకరించుటకు కష్టమైన గుణములను వెదకును. వెన్న నుండి వచ్చిన నేతిలో, ఆవిరితో పాటు లేచిపోవు స్వభావము గల క్రొవ్వు ఆమ్లములు ఇతర క్రొవ్వులలో కంటె ఎక్కువగా నుండును. ఒక కొలత క్రొవ్వు సబ్బుగా మారుటకు ఎంత క్షారము పట్టునను లెక్కయు ఒక్కొక్క క్రొవ్వునకు ఒక్కొక్క విధముగా నుండును. ఇట్టి సంఖ్యలను మూడు నాలుగింటిని చేర్చి చూచినపుడు, అన్నింటిని ఏకకాలమున మోసపుచ్చుట కల్తీదారునకు సులభము కాదు. అయితే ఇచ్చటను ఒక జాగ్రత్త గలదు. పశువు జాతిని బట్టియు, మేతను బట్టియు, ఋతువును బట్టియు శుద్ధమైన నేతిలోనే ఈ సంఖ్యలు కొంత మారును. ఒకే నమూనాను చూచి ప్రమాణము కట్టినచో, నిర్దోషియైన పాలవాడు దోషి కావచ్చును. కావుననే అసలు సరుకును తామే తయారుచేయించి, పలు నమూనాలు పరీక్షించుటకు రాయ్‌గారు అన్ని సంవత్సరములు వెచ్చించిరి. కొనువానికి న్యాయము చేయుటతో పాటు అమ్మువానికిని అన్యాయము చేయరాదను ధర్మబుద్ధి ఆ పద్ధతిలో నిమిడియున్నది.

నేతిని పరీక్షించుచుండిన కాలముననే ఆయన మనస్సులో మరియొక ఆలోచన పెరుగుచుండెను. వేలకొలది చదువుకొన్న యువకులు గుమాస్తా పనులకై తిరుగుచుండిరి. మందులన్నియు, రసాయనములన్నియు ఓడలలో విదేశముల నుండి దిగుచుండెను. వీనిని ఇచ్చటనే యేల తయారు చేయరాదు? 1892లో తమ జీతములో మిగిల్చిన కొద్ది వందల రూపాయలు పెట్టుబడిగా, కలకత్తా అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని 91వ నంబరు అద్దె యింటిలోనే వారు బెంగాల్ కెమికల్ సంస్థకు అంకురార్పణ చేసిరి. పగలు కళాశాలలో పాఠములు, సాయంకాలము ఇంటిలో మందుల తయారీ. నిమ్మరసము నుండి ఆమ్లము తీయ ప్రయత్నించి, గిట్టుబాటు కాక విడిచిరి. ఎముకల నుండి ఫాస్ఫేటు ఉప్పులు చేయవలెనని పచ్చి యెముకలు తెప్పించి మేడమీద ఎండబోసిరి. అకాలవర్షము కురిసి అవి కుళ్ళెను. పురుగులు పట్టెను. కాకులు వానిని తీసికొనిపోయి ఇరుగుపొరుగు ఇండ్లపై వేసెను. పొరుగువారు గగ్గోలు పెట్టిరి. ఎముకలను ఊరి వెలుపలి ఇటుకబట్టీకి తరలించి రాత్రివేళ కాల్చుచుండగా, ఎవరో శవమును రహస్యముగా దహించుచున్నారను అనుమానముతో పోలీసులు వచ్చిరట! చివరకు ఫాస్ఫేటు మాత్రము సిద్ధమయ్యెను.

సరుకు తయారగుట ఒక యెత్తు. దానిని కొనిపించుట వేరొక యెత్తు. మందుల అంగళ్ళవారు సందేహించిరి. విదేశీ కంపెనీ చీటీ లేని సీసాను కొనువారు ముట్టరని వారి వాదము. ఆ మాటలో కొంత నిజమున్నది. సీసాలోని మందును చూచి మంచిచెడ్డలు తేల్చుట కొనువాని వశము కాదు. కావున అతడు చీటీని చూచును. చీటీపై దూరదేశపు పేరున్నచో ధైర్యము చెప్పుకొనును. పేరు అనునది గుణమునకు బదులుగా నిలుచున్నది. ఈ అలవాటును ఎట్లు మార్చుట?

రాయ్‌గారు ఎంచుకొన్న మార్గము ప్రచారము కాదు, ప్రమాణము. బ్రిటిష్ ఫార్మకోపియా యను ఔషధ ప్రమాణ గ్రంథములో ఏ మందు ఏ పాళ్ళలో నుండవలెనని యున్నదో, ఆ పాళ్ళకు తగ్గకుండ తమ మందులను తయారు చేసిరి. పిమ్మట ఆ మందులను వైద్యుల యెదుట నుంచిరి. సామాన్యుడు గుర్తింపలేని గుణమును గుర్తింపగలవాడు వైద్యుడు. ఈ పనిలో వారికి కుడిభుజముగా నిలిచినవాడు డాక్టరు అమూల్యచరణ బోసు. ఇతడు తోటి వైద్యులను కలిసికొని, వారిచే రోగులకు ఆ మందులను ఇప్పించెను. అంతటితో ఆగక, మన పూర్వులెరిగిన మూలికలను గూడ పరీక్షించి ఈ జాబితాలో చేర్చిరి. అడ్డసరము, నేలవేము, కొడిశపాల, వాము — ఇవి మన తెలుగు ముసలమ్మలకు తెలియని వస్తువులా? బామ్మగారి కషాయములో వాని పాలు ఒకనాటి కొకనాడు మారవచ్చును. సీసాలో మాత్రము ఏ నెల కొన్నను ఒకే పాలు ఉండవలెను. మూలిక పాతదే, నియమము క్రొత్తది. సహజమైన వస్తువు అను మాటకు నమ్మదగిన వస్తువు అను అర్థము దానంతట అదియే రాదనియు, కొలత తోడైనపుడే వచ్చుననియు వారి ఆచరణ చాటినది.

ఇచ్చట మన తెలుగువారి ముచ్చట ఒకటి చెప్పక తప్పదు. బెంగాల్ కెమికల్ మొదలైన మరుసటి యేడే, అనగా 1893లో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. సంగీత సభలలోను సమావేశములలోను దానిని ఉచితముగా పంచిపెట్టి ప్రజలకు పరిచయము చేసిరి. ఆ సంపాదనయే తరువాత ఆంధ్రపత్రికగాను, భారతిగాను, ఆంధ్ర గ్రంథమాలగాను మనకు ఫలించినది. ఈ ఇరువురి మార్గములను పోల్చి చూచినచో ఒక సత్యము బోధపడును. తలనొప్పి తగ్గినదో లేదో చెప్పుటకు ఎవరి తల వారికే సాక్షి. రాచుకొని చూచిన వారికి తెలియును. కావున నమూనాను చేతిలో పెట్టుట అట్టి వస్తువునకు తగిన మార్గము. నేతి విషయమున అట్లు కాదు. నకిలీ నెయ్యి తిన్నవానికి ఆ పూట రుచిగానే యుండవచ్చును. జీవితమంతయు తిన్నను తెలియకపోవచ్చును. వాడి చూచి తెలిసికొనదగిన గుణములు కొన్ని, వాడినను తెలియని గుణములు కొన్ని. మొదటి తరగతికి మన అనుభవము చాలును. రెండవ తరగతికి పరీక్షాధికారి కావలెను. వస్తువులపై వ్రాసిన మాటలను తూచునపుడు మనము మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదియే: ఇది నేను తెలిసికొనగలిగిన గుణమా, లేక ఎవరో తెలిసినవారు నా పక్షమున తెలిసికొని చెప్పవలసిన గుణమా?

సంస్థ నిలదొక్కుకొనుచున్న తరుణమున దెబ్బపై దెబ్బ తగిలినది. ప్రయోగశాలలో సహాయకుడైన సతీశచంద్ర సింహ యను యువకుడు ప్రమాదవశమున ప్రసిక్ ఆమ్లమను ఘోరవిషమునకు బలియయ్యెను. 1898లో కలకత్తాలో ప్లేగు ప్రబలినపుడు రోగులకు చికిత్స చేయుచు అమూల్యచరణ బోసు మరణించెను. ఇద్దరు ఆప్తులను కోల్పోయిన రాయ్‌గారు భారమునంతటిని ఒంటరిగా మోయవలసి వచ్చెను. అయినను వదలలేదు. 1901లో సంస్థ లిమిటెడ్ కంపెనీగా రూపొందినది. తరువాత మాణిక్‌తలాలో పెద్ద కర్మాగారము వెలసినది. 1903లో చేరిన రాజశేఖర బసు అచిరకాలములోనే దాని నిర్వహణ బాధ్యతను వహించెను. ఈ రసాయనవేత్తయే పరశురామ్ అను పేరుతో వంగ సాహిత్యమున సాటిలేని హాస్య కథలు వ్రాసెను. దొంగ స్వాములను, బూటకపు కంపెనీలను ఎండగట్టిన ఆ కలము, పగలంతయు మందుల కర్మాగారమును నడిపిన చేతిలోనిదే యగుట ఒక చక్కని సంగతి.

1896లో ప్రకటింపబడిన మెర్క్యురస్ నైట్రైటు పరిశోధన రాయ్‌గారికి శాస్త్రలోకమున స్థిరమైన కీర్తిని తెచ్చినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తెలో ప్రోత్సాహమున వారు ప్రాచీన రసశాస్త్ర గ్రంథములను శోధించి, హిందూ రసాయన శాస్త్ర చరిత్రను రెండు సంపుటములుగా రచించిరి. మొదటి సంపుటము 1902లో వెలువడినది. ఆ పురాతన గ్రంథములలో వారిని మిక్కిలి ఆకర్షించిన విషయమొకటి గలదు. కొందరు రసశాస్త్రకారులు, తాము స్వహస్తములతో చేసి చూచిన క్రియలనే వ్రాయుచున్నామనియు, విని మాత్రమే యుండి పరీక్షింపని వానిని విడిచితిమనియు చెప్పుకొనిరి. పూర్వులు చెప్పినందున సత్యమని కాక, చేసి చూచినందున సత్యమని చెప్పు ఆ గుణము మన దేశమున తరువాత క్షీణించినదని వారు విచారించిరి. నేతి కొరకు ఆవును ఎదుట పిదికించిన వానికి ఆ పూర్వులు ఎంత సన్నిహితులుగా తోచియుందురో ఊహింపవచ్చును.

1905లో వంగ విభజనతో స్వదేశీ ఉద్యమము ఉవ్వెత్తున లేచినది. విదేశీ చీటీని చూచి కొన్న జనమే ఇపుడు స్వదేశీ అను మాటను చూచి కొనసాగిరి. రాయ్‌గారి వంటి పారిశ్రామికునకు ఇది గొప్ప అవకాశము. కాని ఉత్సాహముతో పుట్టిన పెక్కు స్వదేశీ సంస్థలు కొద్ది కాలములోనే అంతరించినవి. దేశభక్తి మొదటి సీసాను అమ్మగలదు. రెండవ సీసాను అమ్మవలసినది సీసాలోని మందే. విభజనకు పదమూడేండ్ల ముందుననే ప్రమాణముపై పునాది వేసికొన్న బెంగాల్ కెమికల్ ఆ కెరటము వచ్చినపుడు పెరిగినది, వెనుకకు పోయినపుడు నిలిచినది. ఫినాయిలు వంటి వస్తువులతో దేశములోని సామాన్య గృహములలో గూడ దాని పేరు పరిచితమయ్యెను. విదేశీయమను మాట గాని, స్వదేశీయమను మాట గాని, ప్రాచీనమను మాట గాని, సహజమను మాట గాని వస్తువు ఎచ్చటి నుండి వచ్చినదో చెప్పును. అది ఎట్లున్నదో చెప్పదు. ఈ భేదమును రాయ్‌గారి జీవితము అడుగడుగునను చూపుచున్నది.

1916లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి విశ్రాంతి పొంది, కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో పాలిత్ ఆచార్యులైరి. 1919లో ప్రభుత్వము సర్ బిరుదమునిచ్చెను. 1921లో అరువది యేండ్లు నిండినది మొదలు తమ జీతమును రసాయన శాఖాభివృద్ధికే వదలివైచిరి. 1922లో ఉత్తర వంగము వరదలలో మునిగినపుడు సహాయ కార్యక్రమమునకు నాయకత్వము వహించిరి. రాట్నము విషయమున మొదట వారికి నమ్మిక లేదు. కరువులోను వరదలోను చితికిన గ్రామములలో అది పేదకుటుంబమునకు ఎట్టి ఆసరా కాగలదో కన్నులార చూచిన పిదపనే వారు ఖద్దరు ప్రచారకులైరి. అచ్చటను అదే స్వభావము: ముందు పరీక్ష, ఆ తరువాత నమ్మకము. 1924లో భారత రసాయన శాస్త్ర సంఘమునకు ప్రథమాధ్యక్షులైరి. వివాహము చేసికొనక, కళాశాలలోని ఒక గదిలో విద్యార్థుల నడుమ, ముతక బట్టలతో జీవించిరి. ఆ గదిలోనే 1944 జూన్ 16వ తేదీన కన్నుమూసిరి.

వారు ఒంటరిగా మొదలిడిన పని వారి జీవితకాలముననే ప్రభుత్వ ధర్మముగా మారసాగినది. 1919లో వంగరాష్ట్రమున ఆహారకల్తీ శాసనము వచ్చినది. 1930-31లో చోప్రా సంఘము దేశములోని మందుల నాణ్యతను విచారించినది. వ్యవసాయోత్పత్తులకు ఆగ్‌మార్క్ ముద్ర 1937 నాటి శాసనముతోను, మందులకు నియమావళి 1940 నాటి శాసనముతోను ఏర్పడినవి. స్వాతంత్ర్యానంతరము 1954లో దేశమంతటికిని వర్తించు ఆహారకల్తీ నిరోధక శాసనమును, అదే సంవత్సరమున అద్భుతౌషధముల ప్రకటనలను అరికట్టు శాసనమును పార్లమెంటు చేసినది. 1954 నాటి ఆహార శాసనము స్థానమున 2006లో ఆహార భద్రతా ప్రమాణముల శాసనము వచ్చినది. నేతిలో వనస్పతి కలుపుటను పట్టుకొనుటకై వనస్పతిలో నువ్వులనూనెను తప్పక చేర్చవలెనని ప్రభుత్వము నియమించిన యుక్తి గూడ ఈ శాస్త్ర సంప్రదాయములోనిదే. నువ్వులనూనె జాడ సులభమైన రంగు పరీక్షలో బయటపడును. బెంగాల్ కెమికల్ 1980లో జాతీయము చేయబడి ప్రభుత్వ రంగ సంస్థ యైనది.

ఇన్ని శాసనములున్నవి గదా, ఇక భయమేల యని అనుకొనుటకు వీలు లేదు. 1998లో మన ఢిల్లీ నగరముననే ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, వేలకొలది జనులకు కాళ్ళు వాచి, నీరు పట్టి, అరువదిమందికి పైగా ప్రాణములు పోయినవి. బ్రహ్మదండి అనునది పొలముల గట్లపై పసుపు పూలు పూయు ముండ్లమొక్క. దాని గింజలు ఆవాలను పోలియుండును. ఆ నూనె ఏ కర్మాగారములోను కృత్రిమముగా పుట్టినది కాదు. సహజమైనదే, చెట్టునుండి వచ్చినదే. దానిని తిన్నవారిలో ఎక్కువమంది బీదవారు. వారు రంగు చూచియే కొనిరి, ఘాటు చూచియే కొనిరి. ప్రఫుల్లచంద్రులు గానుగ దగ్గర నిలుచుండి ఆవనూనెను పరీక్షించిన నూరేండ్లకు, రాజధానిలో, ఆ ఆవనూనెయే మృత్యువాహకమైనది. శాసనము కాగితముపై నుండుటకును, పరీక్ష అంగడిలో జరుగుటకును నడుమనున్న దూరము ఎంతటిదో ఆ సంఘటన చూపినది. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనకు ఆ దూరము కొత్తది కాదు. దానిని తగ్గించుటలో మన వంతు పనియు లేకపోలేదు.

గృహస్థులముగా మనము ప్రయోగశాలలను నెలకొల్పలేము. ఆవును ఎదుట పిదికించుకొను భాగ్యము ప్రభుత్వ క్వార్టర్లలో కాపురముండు వారికి లేదు. అయినను ఆచార్యుల జీవితము నుండి గ్రహింపదగిన వివేకము కొంత గలదు. డబ్బాపై వ్రాసిన మాటలో పరీక్షకు నిలుచు భాగమెంత, వట్టి విశేషణమెంత యని వేరుచేసి చూడవచ్చును. పాలు, తేదీ, బరువు, ముద్ర, తయారీదారుని చిరునామా ఇవి పరీక్షకు నిలుచునవి. స్వచ్ఛము, శ్రేష్ఠము, ప్రకృతిసిద్ధము ఇవి వట్టి విశేషణములు. పాల ధరకు పొసగని తక్కువ ధరకు నెయ్యి దొరకినపుడు, అది ఎట్లు సాధ్యమని ప్రశ్నింపవచ్చును. అనుమానము కలిగినపుడు రశీదు నుంచుకొని, నమూనాను అధికారులకు అందజేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, నిజాయితీతో వ్యాపారము చేయువానిని అనుమానించి అవమానింపకుండుట గూడ నేర్వవచ్చును. అసలు దానిని ఎరుగని వాడు నకిలీని నమ్మును, లేదా అసలును శంకించును. ఆ రెండు దోషములకును మందొక్కటే. ఆ మందును ప్రఫుల్లచంద్రులు సీసాలలో పోసి అమ్మలేదు. తమ జీవితమంతయు దానిని ఆచరించి చూపిరి.